ఉపన్యాస కళ

ఉపన్యాసం అంటే ఒక వ్యక్తి సభాముఖంగా, ఒక విషయంపై, కొంతసేపు ఆపకుండా మాట్లాడటం. రాజకీయ సభ, సాహిత్య సమావేశం, తరగతి గది, న్యాయస్థానం, గుడి మండపం, సంతాప సభ, ఇలా చోటు ఏదైనా దీనికి ఒక లక్షణం మారదు. శ్రోత దాన్ని ఒక్కసారే వింటాడు. పుస్తకం చదివేవాడు అర్థం కాని చోట ఆగవచ్చు, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవచ్చు. సభలో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. వక్త నడిచిన వేగంతోనే అతనూ నడవాలి. వక్త మింగేసిన మాట అతని వరకు లేనట్టే. వాక్యం ఎంత పొడవుండాలి, ఎక్కడ ఆగాలి, గొంతు ఎప్పుడు లేవాలి, చేతులు ఏం చెయ్యాలి అన్న మెలకువలన్నీ ఈ ఒక్క పరిమితి నుంచే పుట్టాయి.

ఉపన్యాసంలో రెండు పనులున్నాయి. ఏం చెప్పాలో సిద్ధం చేసుకోవడం మొదటిది, సభలో దాన్ని పలకడం రెండోది. మొదటి పనికి రోజుల తరబడి కష్టపడి, రెండో పనిని ఆ క్షణానికి వదిలేసే వక్తలే ఎక్కువ. మంచి విషయం ఉండి కూడా సభ చెవికి ఎక్కని ఉపన్యాసాలు అందుకే అంత తరచుగా ఎదురవుతాయి.

ప్రాచీనులు చెప్పినవి

గ్రీకు నగరాల్లో పౌరుడు తన వ్యాజ్యాన్ని తానే వాదించుకోవాలి, సభలో తానే మాట్లాడాలి. అందువల్ల అక్కడ వక్తృత్వం ఒక శాస్త్రంగా ఎదిగింది. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ తన అలంకార గ్రంథంలో శ్రోతను ఒప్పించే మార్గాలు మూడన్నాడు. వక్త మీద నమ్మకం, శ్రోతలో కలిగే భావోద్రేకం, వాదంలోని తర్కం. పలికే తీరుకు ఎంతో బలం ఉందనీ, దాన్ని ఇంకా ఎవరూ సరిగ్గా శాస్త్రీకరించలేదనీ ఆ గ్రంథంలోనే ఒప్పుకున్నాడు.

ఆ కాలపు మహావక్త డెమోస్తనీస్ (క్రీ.పూ. 384-322) గురించి ప్లూటార్క్ రాసిన కథలు లోకప్రసిద్ధం. గులకరాళ్లు నోట్లో పెట్టుకుని పలకడం, ఎత్తు ఎక్కుతూ ఊపిరి బిగబట్టి వాక్యాలు చెప్పడం అందరికీ తెలిసినవే. వాటికన్నా విలువైన కథ మరొకటి ఉంది. సభలో ఓడిపోయి దిగులుగా ఇంటికి పోతున్న డెమోస్తనీస్ చేత సాటిరస్ అనే నటుడు ఒక నాటకంలోని భాగం చెప్పించుకున్నాడట. తర్వాత అదే భాగాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా, పాత్రకు తగ్గట్టు తాను పలికి చూపించాడట. డెమోస్తనీస్‌కు అది పూర్తిగా వేరే రచన అనిపించింది. వక్తృత్వంలో ముఖ్యమైనది ఏమిటని ఎవరో అడిగితే మొదటిది, రెండోది, మూడోది కూడా పలికే తీరేనని అతను జవాబిచ్చినట్టు రోమన్ రచయితలు నమోదు చేశారు.

రోమ్‌లో సిసిరో క్రీ.పూ. 55లో రాసిన వక్తృత్వ సంభాషణ గ్రంథం నాటికే ఐదు అంగాల విభజన స్థిరపడింది. విషయాన్ని వెతకడం, దాన్ని అమర్చడం, మాటల్లో పెట్టడం, గుర్తుంచుకోవడం, సభలో పలకడం. క్రీ.శ. 1వ శతాబ్ది చివర క్వింటిలియన్ రాసిన 12 భాగాల గ్రంథంలో పదకొండో భాగం గొంతు, చూపు, వేళ్ల కదలిక, భుజంపై వస్త్రం సర్దుకునే తీరు వరకు చర్చిస్తుంది.

భారతదేశంలో ఇదే జ్ఞానం వేరే దారుల్లో పెరిగింది. ఒకటి వేదపఠనం, రెండోది నాటకం. పాణినీయ శిక్ష మంచి పాఠకుడికి ఆరు గుణాలు చెబుతుంది. తీయదనం, అక్షర స్పష్టత, పదాల విరుపు, మంచి స్వరం, ధైర్యం, లయ. అధమ పాఠకుడి లక్షణాలు కూడా ఆరే. రాగం తీసేవాడు, పరుగెత్తేవాడు, తల ఊపేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పీలగా ఉన్నవాడు. నేటి సభల్లో కూర్చున్న ఏ శ్రోతకైనా ఈ ఆరుగురూ పరిచయస్తులే. ఇంత పాత జాబితాకు చేర్చవలసింది ఇప్పటికీ పెద్దగా లేదు.

భరతుని నాట్యశాస్త్రం వాచికాభినయాన్ని ఇంకా లోతుగా తీసుకుంది. గొంతుకు రొమ్ము, కంఠం, శిరస్సు అనే మూడు స్థానాలు చెప్పి, పక్కనున్నవాడితో మాట్లాడేటప్పుడు రొమ్ము నుంచి, కొంచెం దూరంలో ఉన్నవాడితో కంఠం నుంచి, దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు శిరస్సు నుంచి స్వరం రావాలంది. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అన్నవి దాని ప్రకారం పాఠ్యానికి ఆరు అలంకారాలు. విరామం వల్ల ఏర్పడే విచ్ఛేదాన్ని పాఠ్యాంగాల్లో ఒకటిగా లెక్కపెట్టడం విశేషం. మాట ఆగిన చోటు కూడా మాటలో భాగమేనన్న ఎరుక అందులో ఉంది.

తెలుగు వేదిక

ఆధునిక ఉపన్యాసం తెలుగు నేలకు రాకముందే ఇక్కడ సభను గంటల తరబడి కూర్చోబెట్టే కళలు ఉన్నాయి. పురాణ ప్రవచనం, అవధానం, బుర్రకథ పూర్వరూపమైన జంగం కథ వాటిలో కొన్ని. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) హరికథకు శాస్త్రగౌరవం తెచ్చాడు. ఒక్క మనిషి నిలబడి కథ, పాట, పద్యం, నృత్యం, చమత్కారం మార్చి మార్చి నడిపే ఆ పద్ధతిలో శ్రోత చెవికి ఎప్పటికప్పుడు కొత్తదనం దొరుకుతుంది. బుర్రకథలో వంతల పాత్ర ఇంకా సూటిగా ఉంటుంది. కథకుడు చెప్పిన ముఖ్యమైన మాటను వంత ప్రశ్నగా మళ్లీ అడుగుతాడు, కథకుడు మళ్లీ చెబుతాడు. ఒక్కసారే వినగల శ్రోతకు రెండోసారి వినే అవకాశం కథలోనే కల్పించినట్టయింది. ప్రజానాట్యమండలి కాలంలో షేక్ నాజర్ ఈ రూపంతో రాజకీయాన్ని ఊరూరా చెప్పగలిగాడంటే ఆ నిర్మాణ బలం చిన్నది కాదు.

వేదికపై నిలబడి ఒక అభిప్రాయం వినిపించి వాదించే ఉపన్యాసం 19వ శతాబ్దిలో పత్రికలు, కళాశాలలు, సమాజాలతో కలిసి వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించడానికి ముందు ఆ విషయంపై బహిరంగంగా ఉపన్యసించి, శాస్త్రప్రమాణాలతో వాదించి, వ్యతిరేకతను ఎదుర్కొన్నాడు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ కోస్తా పట్టణాలు తిరిగినప్పుడు రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ప్రసంగాలను తెలుగులో వినిపించినది చిలకమర్తి లక్ష్మీనరసింహం. భారతదేశాన్ని పాడియావుగా చిత్రిస్తూ ఆ సందర్భంలో చిలకమర్తి చెప్పిన పద్యం అసలు ప్రసంగంకన్నా ఎక్కువ కాలం జనం నోట నిలిచింది. గద్యంలో చెప్పిన వాదం చివర ఒక పద్యం పడితే తెలుగు సభ దాన్ని ఇంటికి తీసుకుపోతుంది. చీరాల-పేరాల ఉద్యమం (1921) నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూడా పద్యం, పాట, చమత్కారాలతో సభను కట్టిపడేసినవాడే.

అదే 1921లో, నవంబరు నెలలో, హైదరాబాదు వివేకవర్ధని థియేటర్లో మహారాష్ట్ర సంస్కర్త కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అక్కడ ఇతర భాషల ప్రసంగాలు విన్న సభికులు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే గేలిచేసి ఆయన మాట సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, అదే తర్వాత ఆంధ్ర మహాసభగా ఎదిగింది. వక్తకు ఎంత సామర్థ్యం ఉన్నా వినడానికి సిద్ధపడిన సభ ఉంటేనే ఉపన్యాసం జరుగుతుందనడానికి తెలుగు చరిత్రలో ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

చెవి కోసం రాయడం

కంటికి నచ్చిన వాక్యం చెవికి నచ్చకపోవచ్చు. "ప్రభుత్వంచే మంజూరు చేయబడిన నిధులు ఇంతవరకు విడుదల కాబడలేదు" అన్న వాక్యం కాగితం మీద చెల్లిపోతుంది. సభలో "ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. ఇంతవరకు చేతికి రాలేదు" అంటేనే వెనక వరుసకు అందుతుంది. గిడుగు రామమూర్తి 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలపాటు వ్యావహారిక భాష తరఫున వాదించాడు. ఆ వాదం రచనకు సంబంధించినదే అయినా, దాని ఫలితం ఎక్కువగా అనుభవించింది తెలుగు వేదిక. మాట్లాడే భాషలో మాట్లాడటం నేడు ఎవరికీ తప్పుగా తోచదు. మాండలికం విషయంలో కాళోజీ నారాయణరావు పట్టుదల కూడా ఇలాంటిదే. తన ఊరి యాసను అణచుకుని పత్రిక భాషలో పలకబోయే వక్తకు సగం శ్రద్ధ ఆ అణచుకోవడానికే పోతుంది. స్పష్టంగా పలికితే తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలు దేనికదే సభకు అందంగా వినిపిస్తుంది.

తెలుగు వాక్యానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వక్తలకు ఇచ్చే సాధారణ సలహాల్లో దీన్ని పట్టించుకునేవారు తక్కువ. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అవునా కాదా అన్నది కూడా ఆ చివరి మాటలోనే తేలుతుంది. "ఈ ఏడు కాలవకు నీళ్లు" అన్నంతవరకు శ్రోతకు ఏమీ తెలియదు. "వస్తాయి" అన్నాడా, "రావు" అన్నాడా అన్నదే విషయం. ఊపిరి అయిపోతున్న వక్త గొంతు సరిగ్గా అక్కడే దిగిపోతుంది. శ్రోతకు వాక్యమంతా వినబడి అర్థం మాత్రం వినబడదు. వాక్యం మొదట్లో కొంత ఊపిరి దాచుకుని చివరి మాటకు ఖర్చుపెట్టడం తెలుగు వక్త నేర్వవలసిన మొదటి పని. దీనికి రెండో మందు వాక్యాన్ని కుదించడం. "నిన్న కలెక్టరు గారు వచ్చి చూసి వెళ్లిన చెరువుకట్టకు పడిన గండిని పూడ్చడానికి" అంటూ సాగే వాక్యంలో అసలు క్రియ వచ్చేసరికి మొదటి మాట మరిచిపోతాం. చెరువుకట్టకు గండి పడింది, కలెక్టరు వచ్చి చూశారు, పూడ్చే పని ఇంకా మొదలు కాలేదు అని మూడు ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ ఒక క్రియ, ప్రతి క్రియకూ ఒక ఊపిరి దొరుకుతాయి.

అంకెల విషయంలోనూ చెవి బలహీనమే. ఒక ఉపన్యాసంలో గుర్తుండేవి ఒకటో రెండో అంకెలు. మిగతావి కాగితంపై పంచిపెట్టడం మేలు. చెప్పబోయే అంశాలు మొదటే క్లుప్తంగా చెప్పడం, ఒక భాగం ముగిసి మరొకటి మొదలయ్యే చోట ఆ సంగతి పైకి అనడం, ముఖ్యమైన మాటను వేరే రూపంలో మళ్లీ చెప్పడం పుస్తకంలో చాదస్తమవుతాయి. సభలో అవి అవసరం.

నిడివి గురించి చెప్పాలంటే 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో లింకన్ పలికింది దాదాపు 270 మాటలు. అంతకుముందు అదే వేదికపై ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడాడు. లోకం గుర్తుంచుకున్నది రెండు నిమిషాల ప్రసంగాన్ని. అలాగని క్లుప్తత ఒక్కటే గొప్ప కాదు. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో నెహ్రూ తర్వాత మాట్లాడిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మీద అర్ధరాత్రి ప్రతిజ్ఞ వేళకు తన మాట ముగించవలసిన భారం ఉంది. గడియారం చూసి ముగించగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

రాసుకుని చదవాలా, గుర్తుపెట్టుకుని చెప్పాలా, అప్పటికప్పుడు మాట్లాడాలా అన్నది పాత వివాదం. చర్చిల్ 1904లో బ్రిటిష్ పార్లమెంటులో కంఠస్థం చేసిన ప్రసంగం మధ్యలో తెగిపోయి, మాట దొరక్క కూర్చుండిపోయాడు. ఆ తర్వాత జీవితమంతా పూర్తి రాతప్రతి చేత పట్టుకునే మాట్లాడాడు. అయితే ఆ ప్రతిని ఊపిరి ఆగే చోట వరుస విరిచి, పద్యపాదాల్లా టైపు చేయించుకునేవాడు. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రాసుకొచ్చిన ప్రసంగం చివరికి వచ్చేసరికి, పక్కనున్న గాయని మహాలియా జాక్సన్ కల గురించి చెప్పమని కేకవేయగా, కాగితం వదిలేసి మాట్లాడాడు. ఆ ప్రసంగం ఆ భాగంతోనే నిలిచింది. ఆయన ఆ కల మాటలను అంతకుముందు సభల్లో పలికి ఉన్నాడు కాబట్టి అది గాలిలోంచి పుట్టింది కాదు. అనుభవం చూపే మధ్యేమార్గం ఇదీ: ప్రారంభం, ముగింపు దాదాపు నోటికి రావాలి. మధ్య భాగానికి పెద్ద అక్షరాలతో నాలుగైదు సూచనమాటలున్న చీటీ చాలు. పేర్లు, తేదీలు, ఉటంకింపులు మాత్రం కాగితం చూసి చదవడంలో చిన్నతనం లేదు.

గొంతు

ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి స్వరతంత్రులను కదిలిస్తే ధ్వని పుడుతుంది. గొంతు, నోరు, ముక్కులోని ఖాళీలు దానికి రంగు ఇస్తాయి. పురుషుల మాటలో స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. గట్టిగా వినిపించడానికి కంఠాన్ని బిగించేవారి గొంతు అరగంటలో బొంగురుపోతుంది. బలం గాలి నుంచి రావాలి. భుజాలు ఎగరేసి పై రొమ్ముతో పీల్చే ఊపిరి చిన్నది. ఉదరవితానం కిందికి దిగి పొట్ట కొద్దిగా ముందుకు వచ్చేలా పీల్చిన ఊపిరే పొడుగు వాక్యాన్ని మోస్తుంది. సంగీతం నేర్చినవారికి, హరిదాసులకు ఇది సాధనలోనే పట్టుబడుతుంది.

వేగాన్ని నిమిషానికి ఇన్ని మాటలని ఇంగ్లీషు పుస్తకాలు లెక్కగడతాయి. విభక్తులు, ప్రత్యయాలు అతుక్కుని ఒక్కో మాట పొడుగయ్యే తెలుగుకు ఆ లెక్క కుదరదు. తాను వదిలిన వాక్యం వెనక వరుసలోని ముఖాల్లో చేరిందా లేదా అన్నదే ఇక్కడ కొలత. కొత్త విషయం, పేరు, అంకె వచ్చిన చోట నెమ్మది, అందరికీ తెలిసిన కథ దగ్గర వేగం. అంతా ఒకే వేగంతో, ఒకే శ్రుతిలో సాగితే ఎంత మంచి విషయమైనా నిద్ర తెస్తుంది.

విరామం దీనికి తోడు. ముఖ్యమైన మాటకు ముందు ఆగితే సభ ఎదురుచూస్తుంది. తర్వాత ఆగితే అది లోపలికి దిగుతుంది. ఆ ఖాళీని "అంటే", "అన్నమాట", "ఏదైతే ఉందో" వంటి ఊతపదాలతో నింపడం చాలామందికి అలవాటు. వక్తకు చాలా పొడుగ్గా తోచే రెండు సెకన్ల మౌనం శ్రోతకు పొడుగు కాదు. ఈ తేడా తెలిశాక ఊతపదాలు తగ్గుతాయి.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చు దూరం మోగుతుంది కాబట్టి ఇది వేదికకు వరం. కానీ ఒక మాట చివరి అచ్చు తర్వాతి మాటలో కలిసిపోయి రెండూ ఒకే మాటగా వినబడే ప్రమాదమూ ఉంది. శిక్షాకారుడు పదచ్ఛేదాన్ని గుణంగా లెక్కపెట్టింది ఇందుకే. ళ-ల, ణ-న తేడాలు, ఒత్తక్షరాలు సహజంగా పలికితే చాలు. నాలుక మెలిపెట్టి ఒత్తులన్నీ ఊదిపలికితే శ్రోత దృష్టి విషయం వదిలి ఉచ్చారణ మీదికి పోతుంది.

గొంతు ఒక్కటే ఎంత పని చేయగలదో చూపినవాడు ఉషశ్రీ. విజయవాడ ఆకాశవాణిలో ఆయన రామాయణ, భారత ప్రసంగాలు, ధర్మసందేహాల కార్యక్రమం ముఖం కనబడకుండానే తెలుగు ఇళ్లను ఏలాయి. రేడియో ముందు కూర్చున్న ఒక్కొక్కరినీ పలకరిస్తున్నట్టు, ఒక చోట దబాయించి, మరో చోట బుజ్జగించి చెప్పడం ఆయన పద్ధతి.

నిలబడటం, చూడటం

వేదిక ఎక్కిన వక్తను సభ ముందు చూస్తుంది, తర్వాత వింటుంది. రెండు పాదాలపై సమంగా నిలబడి, మొదటి మాటకు ముందు ఒక్కసారి సభను చూస్తే చాలావరకు కుదురు వస్తుంది. చూపు ఒకరి దగ్గర ఒక వాక్యం పూర్తయ్యేదాకా నిలిచి మరొకరికి మారాలి. ముందు వరుసలోని పెద్దలనే చూస్తూ మాట్లాడటం మన సభల్లో తరచు కనిపించే లోపం. వెనక కూర్చున్న విద్యార్థులు, ఆడవాళ్లు, పిల్లలు తమతో మాట్లాడటం లేదని వెంటనే గ్రహిస్తారు. చేతులు విషయంతో కదలాలి. జేబులో తాళాలు గలగలలాడించడం, కళ్లజోడు తీసి పెట్టడం, మైకు తీగ మెలిపెట్టడం మాటకు అడ్డొస్తాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. సందేశంలో మాటల వాటా 7 శాతమనీ, గొంతుది 38 శాతమనీ, మిగతా 55 శాతం ముఖకవళికలదనీ శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చాయి. ఆ ప్రయోగాలు విడి మాటలతో, ఇష్టాయిష్టాల వ్యక్తీకరణ గురించి జరిగినవి. మాటా గొంతూ పొంతన లేనప్పుడు ఎదుటివాడు దేన్ని నమ్ముతాడన్నదే అక్కడి ప్రశ్న. వాటిని ప్రతి ఉపన్యాసానికీ అంటగట్టడం తప్పని ఆయనే చెప్పాడు. విషయం లేని వక్తను హావభావాలు కాపాడవు.

సభాకంపం

నోరు ఎండిపోవడం, గుండె దడ, చేతుల వణుకు, చెప్పవలసింది ఒక్కసారిగా మరుపున పడటం సభాకంప లక్షణాలు. ఎందరో తననే చూస్తున్నారన్న స్పృహను శరీరం ప్రమాదంగా తీసుకుని అడ్రినలిన్ విడుదల చేస్తుంది. ఇది పిరికివాళ్లకే వచ్చేది కాదు. గాంధీ లండన్ వదిలి వచ్చేముందు మిత్రులకిచ్చిన విందులో ఒక్క వాక్యం దాటి మాట్లాడలేకపోయాడు. బొంబాయి కోర్టులో తొలి కేసులో నిలబడి ప్రశ్న అడగలేక కూర్చున్నాడు. ఆ బిడియమే తనకు మాటల పొదుపు నేర్పిందని ఆత్మకథలో రాసుకున్నాడు. వివేకానందుడు 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యయాత్ర ఉద్దేశంపై ఇంగ్లీషులో ఉపన్యసించినవాడే. అయినా సెప్టెంబరు 11న చికాగో సర్వమత సభలో గుండె దడదడలాడి, నాలుక ఎండిపోయి, ఉదయం తన వంతు వచ్చినా లేవలేకపోయానని మద్రాసు శిష్యుడు అళసింగకు ఉత్తరం రాశాడు. మధ్యాహ్నం లేచి మాట్లాడిన ఆ చిన్న ప్రసంగమే ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది.

వక్తకు తెలిసినంతగా సభకు ఈ భయం తెలియదు. 2003లో సవిట్‌స్కీ, గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూపారు. మాట్లాడేవారు తమ కంగారు ఎంత బయటపడిందనుకున్నారో, చూసేవారికి అంత కనబడలేదు. ఈ సంగతి ముందే చెప్పినప్పుడు కొందరు మెరుగ్గా మాట్లాడారు కూడా. మిగిలిన ఉపాయాలు అనుభవం నేర్పినవి. సభకు ముందుగా వెళ్లి హాలు చూసుకోవడం, ఒకరిద్దరితో కబుర్లాడి ముఖాలు పరిచయం చేసుకోవడం, గుక్కెడు నీళ్లు, ఊపిరి నెమ్మదిగా వదలడం. మొదటి రెండు నిమిషాలు గడిస్తే సాధారణంగా దడ తగ్గుతుంది. ప్రారంభ వాక్యాలు నోటికి వచ్చి ఉండాలనడం అందుకోసమే. అన్నిటికన్నా పనిచేసేది పదేపదే సభకెక్కడం.

సభా మర్యాద, అవాంతరాలు

తెలుగు సభకు ఒక నడక ఉంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, అధ్యక్షుల తొలిపలుకు, వక్తలు, సత్కారం, వందన సమర్పణ. అధ్యక్షుల వారిని, వేదికపై పెద్దలను, సభాసదులను పలకరించి మొదలుపెట్టడం మర్యాద. శాసనసభలో మాట ఎవరిని ఉద్దేశించినదైనా "అధ్యక్షా" అనే పిలుపు ద్వారానే వెళ్లాలి. అయితే వేదికపై ఉన్న పదిమందినీ విశేషణాలతో సహా ఒక్కొక్కరే స్తుతించే అలవాటు ఉపన్యాసపు అతి విలువైన భాగాన్ని తినేస్తుంది. సభ చెవులు నిక్కించి వినేది మొదటి నిమిషాలే. అందరికీ కలిపి ఒక నమస్కారం చెప్పి విషయంలోకి దిగడం అగౌరవం కాదు. చివరి వక్తగా పిలుపు వచ్చేసరికి సభ అలసిపోయి, నిర్వాహకుల నుంచి చీటీ రావడం మామూలే. ఇరవై నిమిషాల ఉపన్యాసానికి ఏడు నిమిషాల రూపం కూడా సిద్ధం చేసుకున్నవారు అప్పుడు గబగబా చదివి పరువు పోగొట్టుకోరు.

ఎవరో మధ్యలో లేచి ప్రశ్నించడం, అరవడం, కరెంటు పోవడం కూడా సభలో భాగాలే. దీనికి తెలుగువారి దగ్గర ఒక అపూర్వమైన శిక్షణ ఉంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగానికే కూర్చుంటారు. అవధాని పద్యం కడుతుండగా అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయడం వారి పని. అవధాని ఆ మాటకు నవ్వుతూ తగిన జవాబిచ్చి, మళ్లీ పద్యంలో ఆగిన చోటికే రావాలి. తిరుపతి వేంకట కవుల కాలం నుంచి ఈ ప్రక్రియ సభలను ఆకట్టుకోవడానికి ఆ నిబ్బరమే పెద్ద కారణం. వక్తకు కూడా అవే రెండు పనులు: కోపం లేకుండా చిన్న జవాబు, ఆగిన చోటికి తిరుగురాక. ప్రశ్నల వేళ వస్తే, అడిగిన ప్రశ్నను అందరికీ వినబడేలా మళ్లీ చెప్పి జవాబివ్వాలి. లేకపోతే ఆ సంభాషణ ఇద్దరి మధ్యే మిగిలిపోతుంది.

దుబాసీ ఉన్న సభలో వాక్యాలు చిన్నవిగా, ఒక్కొక్కటీ పూర్తి అర్థంతో ఉండాలి. క్రియ చివర వచ్చే తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెప్పేవారికి సగం వాక్యం అందిస్తే వారు కదలలేరు.

మైకు, హాలు

మైకు రాకముందు వక్త గొంతు ఎంత దూరం అందితే అంతే సభ. 1739లో ఫిలడెల్ఫియా వీధిలో మతప్రచారకుడు వైట్‌ఫీల్డ్ మాట్లాడుతుంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనక్కి నడుచుకుంటూ పోయి, వినబడినంత దూరం కొలిచి, ముప్పై వేలమందికి పైగా వినగలరని లెక్కవేశాడు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్‌డియాగోలో వేలమంది ముందు విద్యుత్ లౌడ్‌స్పీకర్‌తో ప్రసంగించాడు. తర్వాత సభ పరిమాణానికి హద్దు పోయింది. ఎన్టీ రామారావు 1982లో చైతన్యరథం మీద నుంచి ఊరి తర్వాత ఊరిలో మాట్లాడిన తీరు మైకు లేని కాలంలో ఊహించలేనిది. రోడ్డు పక్కన కొద్దిసేపు ఆగే ఆ సభలకు చిన్న వాక్యాలు, తెలుగువారి ఆత్మగౌరవం అనే ఒకే మాట చుట్టూ తిరిగే వాదం, నాటకం నేర్పిన గొంతు సరిపోయాయి.

మైకు అరవడాన్ని కోరదు. నోటికి జానెడు దూరంలో, కొద్దిగా పక్కకు ఉంటే ప, బ, ఫ, భ అక్షరాల గాలి దెబ్బ తగలదు. మరీ దగ్గరకు తెస్తే చాలా మైకుల్లో కింది శ్రుతి ఉబ్బి మాట మసకబారుతుంది. తల పక్కకు తిప్పినా దూరం మారకూడదు. మైకు స్పీకరు పెట్టె వైపు తిరిగితే అదే ధ్వని మళ్లీ మళ్లీ పెరిగి కీచుమంటుంది. అప్పుడు మైకును తట్టడం కాదు, దిశ మార్చడం మందు. చుట్టూ చప్పుడుంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని ఫ్రెంచి వైద్యుడు లంబార్డ్ గుర్తించి 1911లో ప్రచురించాడు. తన మాట తనకు వినబడని వేదికలో వక్త అరుస్తూ పోవడానికి కారణం ఇదే. వేదికవైపు తిప్పిన చిన్న స్పీకరు ఒకటి ఉంటే గొంతు నిలుస్తుంది. ఎత్తయిన కప్పు, నున్నటి గోడలు ఉన్న కల్యాణ మండపాల్లో ప్రతిధ్వని ఒక మాట తోకను తర్వాతి మాట తలపై పడేస్తుంది. అక్కడ శబ్దం పెంచితే గందరగోళం పెరుగుతుంది. వేగం తగ్గించాలి. తెర మీద చిత్రాలు చూపేటప్పుడు వక్త తెరవైపు తిరిగి అక్షరాలు చదివితే మైకూ సభా రెండూ చేజారతాయి.

సాధన

ఈ విద్యకు బళ్లు చాలాకాలంగా ఉన్నాయి. డేల్ కార్నెగీ 1912లో న్యూయార్క్‌లో రాత్రి తరగతులు మొదలుపెట్టాడు. రాల్ఫ్ స్మెడ్లీ 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో స్థాపించిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో సభ్యులు ఒకరి ప్రసంగాన్ని ఒకరు విని తప్పొప్పులు చెప్పుకుంటారు. హైదరాబాదుతో సహా భారతీయ నగరాల్లోనూ ఇవి నడుస్తున్నాయి. తెలుగు పిల్లలకు తొలి వేదిక ఎక్కువగా స్వాతంత్ర్య దినోత్సవ వక్తృత్వ పోటీ. పెద్దలు రాసిచ్చిన వ్యాసాన్ని బట్టీపట్టి ఒక్క గుక్కలో అప్పజెప్పించే అలవాటు ఆ వేదిక మేలును చాలావరకు పోగొడుతోంది. పిల్లవాడు తనకు తెలిసిన ఒక చిన్న సంగతిని, తన ఇంటి భాషలో, మూడు నిమిషాలు చెప్పగలిగేలా చేసే పోటీలే నిజంగా వక్తలను తయారుచేస్తాయి. పెద్దలకు ఇప్పుడు ఫోనే అద్దం. ఉపన్యాసాన్ని నిలబడి, పూర్తి గొంతుతో, గడియారం పెట్టుకుని పలికి రికార్డు చేసి వింటే, మింగిన క్రియలు, ఊతపదాలు, పరుగెత్తిన చోట్లు వక్త చెవికే పట్టుబడతాయి. మొదటిసారి గొంతు మాత్రమే వినడం, రెండోసారి ధ్వని తీసేసి కదలికలు మాత్రమే చూడటం ఉపయోగకరమైన పద్ధతి. అంతర్జాల సమావేశాల్లో సభ ముఖాలు కనబడవు, చప్పట్లు వినబడవు. అందువల్ల అక్కడ వాక్యాలు మరింత చిన్నవిగా, చూపు తెరపై బొమ్మల మీద కాక కెమెరా మీద, మధ్యలో శ్రోతలను పేరు పెట్టి పలకరించే ఏర్పాటుతో ఉపన్యాసాన్ని మలచుకోవలసి ఉంటుంది.